తొడ కొలత

మా బావ పొట్ట తగ్గినందుకు వీధంతా సంతోషించింది. నేనూ సంతోషించి ఊరుకుంటే బాగుండేది. కానీ నలభై ఏళ్ళుగా ప్యాంట్లు కుడుతున్నవాణ్ణి, మనిషి మాట కంటే టేపు మాట నమ్మడం నాకు అలవాటు.

బావ అంటే మా చెల్లెలి భర్త. బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఈల ఊదితే మూడు వీధులకు వినపడేది. ఉద్యోగం అయిపోయాక కుర్చీకి అతుక్కుపోయి పొట్ట పెంచాడు. ఏడాది కిందట రక్తపరీక్షలో షుగరు బయటపడింది. డాక్టరు మాత్రలు రాసి, రోజూ నడవమన్నాడు. బావ అక్కణ్ణుంచి తిన్నగా నా కొట్టుకు వచ్చి నడుము కొలవమన్నాడు. నలభై ఒకటి.

"టేపు సరిపోయేలా లేదు బావా, తాడు తెస్తానుండు," అన్నాను.

"నవ్వుకో. ముప్పై రెండుకి దిగకపోతే అప్పుడడుగు."

"నువ్వు ముప్పై రెండుకి దిగిన రోజు ఈ మీసం తీసేస్తా," అన్నాను, కొట్లో ఉన్న నలుగురి ముందూ. నా నోటిదూల అలాంటిది.

మొదట్లో నిజంగానే నడిచాడు. రెండు నెలలకు రెండంగుళాలు తగ్గితే మనసులో మెచ్చుకున్నాను కూడా. ఆ తర్వాత, నడకతోనే షుగరు పారిపోయిందని తేల్చేసి మాత్రలు మానేశాడు. ఆ సంగతి నాకు గొప్పగా చెప్పాడు. అప్పట్నుంచి నెలనెలా ఆయన ప్యాంట్లు బిగించడమే నా పనైంది. వాకర్స్ సంఘం వాళ్ళు ఆయన్ని చూపించి మిగతా ముసలివాళ్ళకు బుద్ధులు చెప్పేవారు.

నాకు అనుమానం తొడ దగ్గర మొదలైంది. పొట్ట కరగడం మంచిదే, కానీ నడిచేవాడి తొడ గట్టిపడాలి. మా బావ తొడ ఇరవై మూడు నుంచి పద్దెనిమిదికి వచ్చింది. టేపు చుడితే చేతికి కండ తగల్లేదు. ఆ అంకె కొలతల పుస్తకంలో రాసి, కింద గీత గీశాను. పిల్లలచేత వందల గుంజీళ్ళు తీయించిన మనిషి, స్టూలు మీంచి లేవడానికి నా మిషను బల్ల పట్టుకున్నాడు. వచ్చిన ప్రతిసారీ సీసాడు నీళ్ళు తాగి, పది నిమిషాలకోసారి పెరట్లోకి వెళ్ళొచ్చేవాడు.

పైన పటారం, లోన లొటారం అంటారే, అదే నా కళ్ళముందు కనిపిస్తోంది. ఒకసారి ధైర్యం చేశాను.

"బావా, ఓసారి రక్తం చూపించుకోరాదూ."

"మీసం మీద అంత మమకారమేంటయ్యా నీకు?" అన్నాడు. కొట్లో వాళ్ళందరూ పకపకా నవ్వారు. నేను మిషను తొక్కడం మొదలుపెట్టాను.

తర్వాత చెల్లెలు ఒంటరిగా వచ్చింది.

"అన్నయ్యా, చొక్కా విప్పితే ఎముకలు లెక్కపెట్టొచ్చు. నేను చెబితే కసురుకుంటున్నారు. నువ్వైనా గట్టిగా చెప్పు."

"చెబుతాలేమ్మా," అన్నాను. అని నెల గడిపాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మళ్ళీ నవ్వులపాలవుతానని ఆగిపోయాను. తోబుట్టువు బతుకు ఒకవైపు, నా పరువు ఒకవైపు పెడితే ఎటు మొగ్గానో నాకు తెలుసు.

నిన్న బావ కొత్త ప్యాంటు కోసం వచ్చాడు. ఆదివారం సంఘంవాళ్ళు ఆయనకు బహుమతి ఇస్తారట, ఏడాదిలో అందరికంటే ఎక్కువ బరువు తగ్గినందుకు. నడుము సరిగ్గా ముప్పై రెండు. చెప్పులు విడిచి, అద్దం ముందు చెక్కమీద నిలబడ్డాడు. నేను గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకుని, కింద కూర్చుని అంచు మడుస్తున్నాను.

"మైకులో ఏం మాట్లాడాలో రాసుకున్నాను. నువ్వు మాత్రం ముందు వరసలో కూర్చోవాలి," అంటున్నాడు.

నా చూపు మునుపటిలా లేదు. సూది గుడ్డలోంచి జారి ఆయన చీలమండలోకి దిగింది. నా వేళ్ళకు తెలిసింది. ఇప్పుడు నాలుగు తిట్లు పడతాయని తల వంచుకున్నాను.

"నీ గురించి కూడా ఓ ముక్క చెబుతాలే," అన్నాడు బావ, అదే గొంతుతో.

అంచు పైకెత్తి చూశాను. సూది తలదాకా దిగి ఉంది. దాని పక్కనుంచి నెత్తురు సన్నగా మడమ మీదికి జారుతోంది. చిటికెనవేలి కింద ఇంకో పుండు ఉంది. అది నేను చేసింది కాదు, చాలా రోజులది, చుట్టూ నల్లబడింది. పెదవుల మధ్య సూదులన్నీ తీసి నేలమీద పెట్టాను.

"బావా, కాల్లో సూది దిగింది."

ఆయన అద్దంలో నడుము చూసుకుంటూనే ఉన్నాడు.

"ఏ కాల్లో?" అన్నాడు.