ఎక్కడో తేడా ఉంది

తన చదువు ఎనిమిదో తరగతిలో ఎక్కడ ఆగిపోయిందో, సరిగ్గా అక్కడే కూతురి తెలివి కూడా ఆగిపోతుందేమో. ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం అదే. కూతురికి ఇంకా ఐదేళ్ళే. పిచ్చుకంత మనిషి, ఇంట్లో పిలుపు కూడా పిచ్చుకే. అయినా ఆ పిల్ల కుడికాలి చెప్పు ఎడమకాలికి తొడుక్కుంటే చాలు, తల్లికి పై ప్రాణాలు పైనే పోయేవి.

"నావల్లేనండీ ఇదంతా" అనేది మొగుడితో.

"నీవల్ల కాదు, చెప్పులు చేసినవాడివల్ల. రెండూ ఒకేలా చేసి చచ్చాడు" అనేవాడు అతను. లిఫ్టులు బాగుచేసే మనిషి కాబట్టి ఏ కంగారైనా పైకి పోయి మళ్ళీ కిందికి దిగుతుందని అతని నమ్మకం.

అలాంటి ఇల్లాలు, కాలేజీ మనస్తత్వశాస్త్రం వాళ్ళు తల్లుల మీద, పిల్లల మీద ఏదో పరిశోధన చేస్తున్నారని విని బయల్దేరడమంటే కొరివితో తల గోక్కోవడమే. కానీ తెలుసుకోకుండా ఉండలేకపోయింది.

అక్కడ పరిశోధన చేసే అమ్మాయికి ముఖం కంటే కళ్ళజోడు పెద్దది. "భయపడకక్కా. తల్లి ఒక కథ చెబుతుంది. తర్వాత పిల్లను అందులోంచి పది సంగతులు అడుగుతాం. ఎన్ని గుర్తున్నాయో రాసుకుంటాం, అంతే" అంది.

తల్లులు రెండు రకాలు: బడి చదువు పూర్తిచేసినవాళ్ళు, మధ్యలో ఆపేసినవాళ్ళు. కథ చెప్పే తీరు కూడా రెండు రకాలే. కొందరు పుస్తకం చూసి చదవాలి, కొందరు ముందు ఒకసారి విని నోటితో చెప్పాలి. అలా నాలుగు గుంపులు, గుంపుకు ముప్ఫైమంది. ఎవరిది ఏ తీరో చీటీ తేలుస్తుంది. కథ మాత్రం అందరికీ ఒకటే, తాళంచెవి మింగిన మేకది.

ఆమె చీటీలో 'నోరు' అని ఉంది. పక్క కుర్చీలో ఉన్న టైలరక్కకు 'పుస్తకం' వచ్చింది.

"నువ్వు బతికిపోయావు తల్లీ. నేను ఏడులో మానేశాను. కొలతల పుస్తకం తప్ప మరోటి ముట్టుకుంటే ఒట్టు" అంటూ టైలరక్క, జడలు బిగించి వేసిన కూతుర్ని ముందుకు తోసుకుంటూ లోపలికి వెళ్ళింది. పావుగంట తర్వాత చెమటతో బయటికి వచ్చింది. "మేక తాళంచెవి మింగిందో, నేను మింగానో తెలీలేదు. గొంతులోనే ఉంది" అంది.

ఈమె వంతులో పిచ్చుక కథను ముందుకు సాగనిస్తేనా? "తాళంచెవి మేక పొట్టలో ఉంటే ఇంట్లోవాళ్ళు లోపలున్నారా, బయటున్నారా?" అని ఒకటే గోల. బుర్రకెక్కకే అడుగుతోందని తల్లి బెంగ.

నెల తర్వాత, పరిశోధన అయిపోయింది, సంతకం పెట్టి వెళ్ళమంటే ఇద్దరు తల్లులూ మళ్ళీ అదే వరండాలో కూర్చున్నారు. ఓరగా వేసిన తలుపు వెనక కళ్ళజోడు అమ్మాయి వాళ్ళ సారుతో మాట్లాడుతోంది.

"సార్, టూ వే అనోవా చేశాను. తేడా ఉంది సార్!"

"గట్టి తేడానేనా?"

"నూటికి అయిదు కాదు కదా, ఒకటి కూడా లేదు సార్!"

"చదువాపేసిన తల్లుల సంగతేంటి?"

"నా అనుమానమంతా అక్కడే సార్. ఎవరిలో తేడా అనేది పోస్ట్ హాక్ పరీక్షలో తేలుతుంది."

వరండాలో ఇద్దరికీ ముఖాల్లో నెత్తురు చుక్క లేదు.

"అనోవా ఎవరు?" గుసగుసగా అడిగింది టైలరక్క.

"పెద్ద డాక్టరమ్మ అయ్యుంటుంది. మన పిల్లల్లో ఏదో తేడా ఉందని పట్టేసింది."

"నూటికి ఒక్క మార్కూ రాలేదా? అడిగినవే పది కదే!"

"పెంచి వేసుంటారక్కా. ఇంకో పరీక్ష ఉందంట. పోస్టులో వస్తుందంట."

"పోస్టు నా గుమ్మం తొక్కేలోపు నేను ఇల్లే మారిపోతాను" అని టైలరక్క లేచింది. జడల పిల్ల చెయ్యి పట్టుకుని, సంతకం కూడా పెట్టకుండా మెట్లు దిగిపోయింది.

ఈమె ఇంటికొచ్చి మొగుడి ముందు బావురుమంది. "మన పిల్లలో తేడా ఉందంటండీ!"

"నాలోనే తేడా ఉందని మీ నాన్న పెళ్ళినాడే అన్నాడు. నేను బతకట్లేదూ?"

నాలుగు రోజులు అన్నం సయించలేదు. అయిదో రోజు పోస్టుమాన్ వస్తే, "ఆ పేరుగలవాళ్ళు ఈ ఇంట్లో లేరు బాబూ" అని తలుపు సందులోంచి చెప్పి పంపేసింది. తీరా సాయంత్రం ఆరా తీస్తే అది మొగుడికి లిఫ్టు కంపెనీ పంపిన గుర్తింపు కార్డు.

"ఇంట్లో నేను లేనని చెప్పావా?" అన్నాడు అతను నోరెళ్ళబెట్టి. "ముందు ఆ కాలేజీకెళ్ళి తేల్చుకునిరా. లేకపోతే రేపు నన్నే గడప తొక్కనివ్వవు."

వెళ్ళింది. "మా పిల్లకేమైందో మొహంమీదే చెప్పమ్మా. పోస్టులో పంపకు!" అంది.

కళ్ళజోడు అమ్మాయికి సంగతి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వాపుకోవడానికి ఇంకాసేపు పట్టింది.

"పోస్ట్ అంటే తపాలా కాదక్కా, తర్వాత అని. అనోవా మనిషి కాదు, లెక్క. ఒక ఇంట్లో నాలుగు వాటాలున్నాయనుకో. ఎక్కడో పొగ వస్తోందని ఆ లెక్క చెబుతుంది. ఏ వాటాలోనో చెప్పదు. పోస్ట్ హాక్ తలుపు తలుపూ తట్టి చూస్తుంది."

"నేరుగా తట్టేస్తే పోదా?"

"నాలుగు గుంపుల్నీ జతలు జతలుగా ఆరుసార్లు పోల్చాలి. అన్నిసార్లు తడితే ఎక్కడో ఒకచోట లేని పొగ కూడా ఉన్నట్టనిపిస్తుంది. అందుకే పోస్ట్ హాక్ గట్టి పొగైతేనే నమ్ముతుంది."

"మరి నూటికి ఒకటి?"

"నిజంగా తేడా లేకుండానే ఇంత తేడా కనబడ్డానికి నూటికి ఒక వంతు అవకాశం కూడా లేదని. మార్కు కాదు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంతకీ పొగ ఎవరింట్లో?"

అమ్మాయి కాగితం తిప్పి చూపించింది. చదువైన తల్లులు ఏ తీరున చెప్పినా పిల్లలకు ఏడు సంగతుల దాకా గుర్తున్నాయి. చదువాపేసి నోటితో చెప్పిన తల్లుల పిల్లలకూ ఏడు పైనే. చదువాపేసి పుస్తకం పట్టుకున్న గుంపొక్కటే నాలుగు దగ్గర ఆగింది.

"అంటే వాళ్ళ పిల్లలు మొద్దులా?"

"కాదక్కా! అదే తల్లులకు చీటీలో నోరు వచ్చుంటే పిల్లలకు ఏడొచ్చేవేమో. ఎందుకిలా అయిందో లెక్క చెప్పదు. పుస్తకం చూసేసరికి గొంతు బిగుసుకుపోయి, పిల్ల ముఖం చూడ్డం మానేశారని నా అనుమానం. ఇది ఏ ఒక్క పిల్ల తెలివినీ కొలిచే లెక్క కాదు, గుంపు లెక్క."

ఆమె గుండెల మీంచి బండరాయి దిగింది. దిగిన మరుక్షణమే మళ్ళీ ఉలిక్కిపడింది. "టైలరక్కకు చెప్పావా?"

"ఫోను కలవట్లేదు."

ఆమె అటునుంచటే టైలరక్క వీధికి పరుగెత్తింది. తలుపుకు తాళం. "నాలుగు రోజులైంది, మిషను ఆటోలో వేసుకుని పోయారు. ఎక్కడికో చెప్పలేదు" అంది పక్కింటావిడ.

అన్నంత పనీ చేసింది మహాతల్లి! ఆమె ఇప్పటికీ తెలిసిన టైలరు కొట్లన్నీ వాకబు చేస్తూనే ఉంది. ఈమధ్య మీ వీధిలోకి జడల పిల్లతో కొత్తగా ఒక టైలరక్క వచ్చి, పోస్టుమాన్‌ను చూడగానే తలుపు వేసుకుంటుంటే, దయచేసి చిరిగిన చొక్కా ఏదో ఒకటి పట్టుకుని వెళ్ళండి. పిల్లలో ఏ తేడా లేదని చెప్పండి. ఆ తల్లీబిడ్డలు ఎలా ఉన్నారో, వేళకు తింటున్నారో లేదో ఒకసారి చూసి రండి.