కల్యమాకు మీద పిట్ట రెట్ట

పప్పుల పోపుకు కల్యమాకు తెంపుదామని ఎనుక పెరట్లకు పోయిన. లేత రెమ్మ మీద పిట్ట రెట్ట కనవడ్డది. ఛీ అనుకొని గోరుతోని గీకబోయిన. రెట్ట నడిచింది!

నిజంగ, ఒట్టు. తెల్లటి మరకలతోని, జిగటగ మెరుస్తున్న ఆ రెట్ట కింద బుడ్డబుడ్డ కాళ్లున్నయి. ఆకు అంచు పట్టుకొని కసకస నములుతున్నది. పిట్టలు తినకుండ పిట్ట రెట్ట ఏషం ఏసుకున్నదా ఏంది? అబ్బో, ఎంత తెలివి! ఎనిమిదేండ్ల సంది గీ చెట్టు ఆకే తెంపుతున్న, ఒక్కనాడు గిట్ల ఒంగి చూడలే. చూస్తనే ఉన్న, లోపల నూనె పొగలు లేచి ఆవాలు బొగ్గయినయి. "పోపు మాడవెట్టి ఆడ ఏం చూస్తున్నవే?" అని మా ఆయన సంపత్ అరిచిండు. పిట్ట రెట్ట నడుస్తున్నదంటె ఏమంటడో నాకు తెల్సు. అందుకే చెప్పలే.

మాది ఇచ్చోడ. రోడ్డు మీదికి పురుగుమందుల దుకాణం, దాని ఎనుక ఇల్లు, ఇంటెనుక నాలుగు మంచాలేసేంత పెరడు. దుకాణం సంపత్‌ది, బోర్డు మీద ఆయన పేరుంది. పొద్దుగాల షట్టర్ ముందర ఊడ్చేది నేను, డబ్బాల మీది దుమ్ము తుడిచేది నేను, పగటీలి ఆయన తిని పండుకుంటె నాలుగింటిదాంక గల్లా కాడ కూసునేది నేను. రైతులకు కిరాయికిచ్చిన మందు కొట్టే పంపు తిరిగొస్తె ముక్కుకు కొంగు కట్టుకొని మూడు నీళ్లల్ల కడిగేది కూడ నేనే. ఎవలన్న అడిగితె మాత్రం "మా ఆమెకేం పని, ఇంట్లనే ఉంటది" అంటడు. ఇంటర్‌ల బైపీసీ చదివిన అని ఒకసారి నోరు జారితె పది మంది ముందర నవ్విండు. "రికార్డుల బొద్దింక బొమ్మ గీసినవ్, గదేగా? అడిగిన డబ్బా తీసియ్యి, చాలు."

గానీ ఆ రెట్ట పురుగుతోని నాకు పిచ్చి లేసింది. అంట్లు తోమే పేరు మీద పోవుడు, బట్టలారేసే పేరు మీద పోవుడు. నాలుగొద్దులకే అది కుబుసం ఇడిచి పచ్చటి పచ్చగైంది, నెత్తి మీద రెండు దొంగ కండ్లు. పుల్లతోని జర తాకితె ఎర్రటి కొమ్ములు రెండు బయటికి తీసి బెదిరిచ్చింది, అబ్బా, ఏం ఘాటు వాసన! ఒక్కదాన్నే పకపక నవ్విన. ఇగ పక్కన చిక్కుడు తీగ చూస్తె అదో పెద్ద అంగడి. కొసల పొంట రసం పీల్చే సన్నపురుగు పేనుబంక ముసిరింది, చీమలు దాని ఎనుక తిరుగుతు తీపి నీళ్లు నాకుతున్నయి. ఇంకో పురుగు నల్లగ, ఈపు మీద నారింజ చుక్కలతోని, మొసలి పిల్లంటె మొసలి పిల్లే, కాకపోతె చీమ కన్న జర పెద్దది. అది పేనుబంకను ఒక్కొక్కటి పట్టుకొని సకినాలు నమిలినట్టు నములుతున్నది. వారం దినాలకు ఆ మొసలి పిల్లనే ఆకుకు అతుక్కొని, ఈపు పగిలి, ఎర్రటి అక్షింతల పురుగై బయటికొచ్చింది. చిన్నప్పుడు చేతి మీద పాకిచ్చుకున్న అక్షింతల పురుగు! దాని పిల్ల గిట్లుంటదని నాకు ముప్పై రెండేండ్లకు తెల్సింది.

గ్యాసు ఎప్పుడొచ్చింది, అత్త బీపీ గోలీలు ఎప్పుడైపోతయి, పిల్ల పరీక్షలెప్పుడు, అన్నీ వంటింటి క్యాలెండర్ మీద నేనే రాస్త. ఆ పచ్చ పురుగు నడుముకు దారం కట్టుకొని కొమ్మకు ఏలాడి గూడైన నాడు, ఆ తారీఖు కింద చిన్న చుక్క పెట్టుకున్న. గా క్యాలెండర్ల నా కోసం పెట్టుకున్న మొదటి గుర్తు అదే.

అప్పటికి ఆ కొమ్మ సగం బోడైంది. మా అత్త ఐలవ్వ కండ్లల్ల అది పడనే పడ్డది. "పురుగుల మందు అమ్మేటోల్ల ఇంట్లనే పురుగులా? నలుగురు చూస్తె నవ్వరా?" అని అన్నం కాడ ఎత్తింది. "ఐతారం పంపు కొడ్త తీయ్. చిక్కుడుకు, కల్యమాకుకు, అన్నిటికి" అన్నడు సంపత్. "తినే ఆకు గదా, జర నాలుగొద్దులు ఆగుండ్రి. ఆ గూట్ల సీతాకోకచిలుక ఉన్నది" అన్న. ఆయన నోట్లె ముద్దతోనే నవ్విండు. "అవ్వా, ఇన్నవా? నీ కోడలు పురుగులను సాదుతున్నదంట!" తల్లీకొడుకులు ఇద్దరు నవ్విండ్రు.

శనివారం పగటీలి నేను గల్లా కాడుంటె అంబదాస్ అన్న వచ్చిండు. మా పాత గిరాకి, ఐదెకరాల పత్తి ఆయనది. ఇక్కడి రైతులందరు చేసేదే చేసిండు: చేన్ల దొరికిన పురుగును ఆకుతోని సహా కవర్ల కట్టుకొచ్చి గల్లా మీద ఇప్పిండు. "జమునక్కా, గీ పురుగు పత్తి నిండ పాకుతున్నది. పరేషాన్ల ఉన్న. గట్టి మందియ్యి." అలవాటుగ నా చెయ్యి డబ్బా మీదికి పోయింది. అప్పుడు చూసిన ఆకు. నారింజ చుక్కలు. నా మొసలి పిల్ల! కవర్ల కట్టుకొచ్చినా ఊకోక పేనుబంకను నములుతనే ఉన్నది.

దీనికి మందని ఎన్ని డబ్బాలు ఇచ్చిన్నో గీ చేతులతోని! సిగ్గయింది, సంబురమూ అయింది. "వద్దన్నా" అన్న. "గిది నీ పత్తిని తింటలేదు. పత్తి రసం తాగే పేనుబంకను తింటున్నది. ఒంగి చూడు. ఇదే పెద్దగైతె అక్షింతల పురుగైతది. కూలి అడగకుండ పొద్దంత నీ చేన్ల పని చేస్తున్నది, దాన్నే సంపుతనంటున్నవ్." కూలి అడగకుండ పొద్దంత పని చేసేది ఇంకెవలో నాకు తెల్సు.

అంబదాస్ అద్దాలు పైకి జరుపుకొని ఒంగిండు. "అరె, నిజమేనక్కా! తింటున్నది!" ఇద్దరం పిల్లల లెక్క ఆకు మీదికి తలకాయలు వంచినం.

ఎనుక తలుపుల సంపత్ నిలవడ్డడు. "దానికేం తెల్వదు అంబదాస్, ఆగు, నేనిస్త." నా దిక్కు తిరిగిండు. "నిన్ను కూసోవెట్టింది గిరాకిని ఎల్లగొట్టెతందుకా? లోపలికి నడువ్!" బయటి మనిషి ముందర. నా చెవులు మండినయి. అంబదాస్ మా ఇద్దరి దిక్కు చూసి మెల్లగ కవరు మడుచుకున్నడు. "రేపు చేన్ల ఇంకోపారి చూసొస్త సంపతన్నా" అని ఉత్త చేతులతోని పోయిండు. సంపత్ మొఖం మాడిపోయింది. "రేపు పొద్దుగాల మొట్టమొదలు నీ చెట్టుకే కొడ్త" అన్నడు.

పొద్దుగూకంగ పోయి గూడును చూసిన. నల్లవడ్డది. పల్చటి పొర లోపలికెంచి రెక్కల మీది తెల్ల మచ్చలు కనవడ్తున్నయి! అంటె రేపే.

ఐతారం పాలు పొయ్యి మీద పెట్టి పెరట్లకు ఉరుకుతున్న. సంపత్ పంపు తెచ్చి నా కాళ్ల కాడ పెట్టిండు. "నీళ్లు నింపి, మందు కలిపి, నాజిల్ పెట్టియ్యి." చూసిన్రా? నా చెట్టు మీద మందు కొట్టెతందుకు కూడ నేనే పని చెయ్యాలె! ఎనిమిదేండ్లల్ల ఆయన పంపు ఒక్కనాడు నింపలే. నాజిల్ ఎట్ల పెడ్తరో ఆయనకు తెల్వదు. పురుగును చూసినంత దగ్గర నుంచి ఆయనను ఎన్నడు చూడలే గదా, గిప్పుడు చూసిన. నాకు నవ్వొచ్చింది.

"నేను నింప" అన్న.

"ఏందీ?"

"నింప. కావాలంటె మీరే నింపుకోండ్రి."

అరవలే, ఏడ్వలే. పీటేసుకొని చెట్టు కింద కూసున్న. దుకాణంల డబ్బాలు దొర్లుతున్న చప్పుడు. "నాజిల్ యాడ పెట్టినవే?" "ఎప్పుడుండే కాడనే ఉంది" అన్న. నిజంగ ఆడనే ఉంది. అదెక్కడో ఆయనకు తెల్వదు, గంతే.

గూడు నెత్తి కాడ పగిలింది. తడిసిన నల్ల పేలిక లెక్క ఒకటి బయటికొచ్చి కొమ్మ పట్టుకొని ఏలాడింది. రెక్కలన్నీ ముడతలే. అయ్యో, గింతేనా అనుకున్న. చూస్తుండంగనే ముడతలు ఇప్పుకున్నయి, ఇంకా ఇప్పుకున్నయి, నల్లటి రెక్కల మీద తెల్ల మచ్చల వరుస! ఊపిరి తీసుడే మర్చిపోయిన. "తడి ఆరనియ్యి, తొందరేం లేదు, నేనీడనే ఉన్న" అంటున్న దానితోని.

"జమునా! పాలు పొంగుతున్నయే! యాడ సచ్చినవ్?" అత్త వంటింట్లకెంచి కేకేసింది.

అది రెక్కలు ఒక్కసారి మూసి తెరిచింది.

"జర నువ్వే దించు అత్తా" అన్న, దాని మీదికెంచి కండ్లు తియ్యకుండ. "నాకు పనుంది."