జడెక్కిన పెద్దాయన

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: గడియారాలు బాగుచేసీ చేసీ చిన్నవాటి మీద మోజు పెంచుకున్న పెదనాన్న, ఆ మోజును భరిస్తున్న పెద్దమ్మ, మందుల షాపాయన, బట్టలు కుట్టే ఆవిడ, సెలవులకి వచ్చిన పిసరు. మాట్లాడేది పిసరంతే కాబట్టి ఆ పిల్లకి ఆ పేరు. వీళ్లు కాక పెద్దాయన ఒకడు. పెద్దాయన అంటే పెరటిగోడ నాచులో దొరికిన, నీటి ఎలుగుబంటి అనే సూక్ష్మప్రాణి. ఎనిమిది కాళ్లు, బొద్దు ఒళ్లు. మైక్రోస్కోపు కింద పెడితే తప్ప కంటికి ఆనదు. ఎండబెట్టినా, గడ్డకట్టించినా చావదని తెలిసిన రోజు నుంచి దాన్ని ‘అది’ అనడం మానేసి అందరూ ‘ఆయన’ అంటున్నారు.

ప్రతి ఆదివారం పెదనాన్న, షాపాయన, కుట్టే ఆవిడ ముగ్గురూ ఒక సంఘంలా చేరి, కిటికీ పక్కన మైక్రోస్కోపు పెట్టుకుని, వంతులవారీగా ఆశ్చర్యపోయి, టీ తాగేవారు. ఆ వేళ మందుల షాపాయన స్లైడు ఎత్తుతూ తుమ్మాడు. స్లైడు జారింది. దాని మీది నీటిచుక్క ఎగిరి, టీ ట్రేతో నిలబడ్డ పిసరు జడ మీద పడింది.

“ఎవరూ కదలకండి” అన్నాడు పెదనాన్న.

పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చింది. “ఏం పోయింది?”

“పెద్దాయన అమ్మాయి జడెక్కాడు.”

“దులిపేస్తే పోలా?”

ముగ్గురూ ఆమెను హంతకురాలిని చూసినట్టు చూశారు.

పిసరుని కుర్చీలో కూర్చోబెట్టి, చెంప బల్లకి ఆనించి, జడ తడిసిన చోటు మైక్రోస్కోపు కిందికి తోశారు. పట్టలేదు.

“జడ కాదిది, మోకు” అంది బట్టలు కుట్టే ఆవిడ. “ఇంకాస్త దింపితే మీ లెన్సు పగులుతుంది అన్నయ్యగారూ.”

“కడిగి ఆ నీళ్లు చూస్తే?” అన్నాడు షాపాయన.

“బకెట్టు నీళ్లు చుక్కచుక్కగా చూడ్డానికి మన ఆయుష్షు చాలదయ్యా. ఆయనకి చాలుతుంది, ఆయనకేం” అన్నాడు పెదనాన్న.

బట్టలు కుట్టే ఆవిడ సంచిలోంచి కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. “నేనేం అనలేదు. ఊరికే పెట్టాను” అంది.

పిసరు ఆ కత్తెరనే చూసింది. స్కూల్లో సగంమందికి ఆ పిల్ల పేరు తెలియదు. హాజరు పిలిచే టీచరు కూడా తలెత్తి వెతుక్కుంటుంది. అందరికీ తెలిసింది ‘ఆ పొడుగు జడ అమ్మాయి’ అని. జడ పోతే ఇక ఏమని పిలుస్తారు? అసలు పిలవరు.

“జానెడే తల్లీ” అన్నాడు పెదనాన్న బుజ్జగింపుగా. “జుట్టు మళ్లీ వస్తుంది. పెద్దాయన వస్తాడా?”

“వస్తుంది, వస్తుంది. మీకొచ్చింది చూస్తూనే ఉన్నాంగా” అంది పెద్దమ్మ, ఆయన బట్టతల వైపు చూసి.

“ఓటు పెడదాం” అన్నాడు షాపాయన. తుమ్మింది తనే కాబట్టి తొందర కూడా అతనికే ఎక్కువ. మూడు చేతులు లేచాయి. పెద్దమ్మ సంఘంలో సభ్యురాలు కాదన్నారు. పిసరుని ఎవరూ అడగలేదు. కుట్టే ఆవిడ కత్తెరలో వేళ్లు దూర్చింది.

“పెద్దాయన జడలో లేడు” అంది పిసరు.

ఆ గొంతు ఎప్పుడూ వినకపోవడంతో, వీధిలోంచి ఎవరొచ్చారా అని షాపాయన గుమ్మంవైపు చూశాడు.

“మరెక్కడున్నాడమ్మా?” అన్నాడు పెదనాన్న.

“నాకు భయమేస్తే జడ నోట్లో పెట్టుకుంటాను. చుక్క పడగానే పెట్టుకున్నాను. మింగేశాను.”

ఇందులో ఒక్క ముక్కా నిజం లేదు. అంత పొడుగు అబద్ధం, ఆ మాటకొస్తే అంత పొడుగు మాట, ఆ పిల్ల ఎన్నడూ ఆడలేదు.

కుట్టే ఆవిడ కత్తెర వదిలేసి పైటకొంగుతో కళ్లొత్తుకుంది. పెదనాన్న కళ్లజోడు తీసి కూలబడ్డాడు. మందుల షాపాయన మాత్రం ఆలోచించి, “ఆగండి. గడ్డకట్టించినా చావనివాడు పొట్టలో చస్తాడా? ఉన్నాడు. లోపల నిక్షేపంలా ఉన్నాడు” అన్నాడు.

గదిలో గాలి మారిపోయింది. ముగ్గురూ పిసరుని ఎన్నడూ చూడనంత శ్రద్ధగా చూశారు.

“మీరిద్దరూ ఏమైనా తింటారా?” అన్నాడు పెదనాన్న.

“నడిపించకండి, ఆయనకి కుదుపులు పడవు” అంది కుట్టే ఆవిడ. కుర్చీతో సహా ఎత్తి, నాచు డబ్బాలు దాచే చీకటిగదికి మోసుకెళ్లారు. ఆయనకి తడి ఉండాలని షాపాయన పిసరు నెత్తిన తడితువ్వాలు కప్పాడు. “బుద్ధి ఉందా మీకు” అంటూ పెద్దమ్మ వెంటపడింది గానీ, పిసరుకని ఆమె తెచ్చిన టీ కప్పు కూడా లాగేసుకున్నారు, పెద్దాయనకి వేడి తగలకూడదని.

పిసరు జడను ఒళ్లోకి లాక్కుని రెండు చేతులా పట్టుకుంది. మొత్తం ఉంది.

“ఎన్నాళ్లుండాలి పెదనాన్నా?”

“ఆయన ఇష్టం తల్లీ” అని పెదనాన్న, లోపలివాడు ఉలిక్కిపడకుండా, నెమ్మదిగా తలుపు మూశాడు.