వాగుకు పానం బాగలేదు

మంగళవారం పొద్దున సాయవ్వ బట్టల మూట ఎత్తుకుని బయలుదేరబోతుంటే, వాగే ఇంటికి వచ్చి నులక మంచం మీద పడుకుని ఉంది. ఏడు ఊళ్ల పొడుగు మనిషి కాబట్టి కాళ్లు బాగా ముడుచుకోవలసి వచ్చింది.

సాయవ్వ మూట దించి వాగు నుదుటి మీద చెయ్యి వేస్తుంది. కాలిపోతోంది. చేతికి పచ్చటి జిగురు అంటుతుంది. ముప్పై ఏళ్లుగా ఆ నీళ్లలోనే ఊరి బట్టలు ఉతుకుతోంది. పెళ్లయిన కొత్తలో పుట్టింటి మీద బెంగ పుడితే అందులోనే ముఖం పెట్టుకుని ఏడ్చింది.

"పానం మంచిగ లేదు బిడ్డా," అంటుంది వాగు. "గడియసేపు పండుకుంట."

ఆర్‌ఎంపీ డాక్టర్ వచ్చి, ఎక్కడ నొప్పి అని అడుగుతాడు.

"మూడో ఊరు దాటినంక. కోళ్లఫారం పైపు కలిసే కాడ. ఆడికెల్లి కిందికి నాకేం తెలుస్తలేదు."

"చేపలు ఎప్పటిసంది లేవు?"

"పోయిన వానకాలం సంది."

డాక్టర్ సంచీ మూసేస్తాడు. మందు రాయడు. "ఏదడిగితే అది పెట్టుండ్రి," అని సాయవ్వతో మెల్లగా చెప్పి వెళ్లిపోతాడు.

మధ్యాహ్నం ఆమె భర్త రాజవీరు ఫారం నుంచి అన్నానికి వస్తాడు. అరవై వేల కోళ్ల కింది పెంటను రోజూ పైపుతో వాగులోకి కొట్టేది అతనే. ఈగలు అతని వెంట గుమ్మం దాకా వచ్చి, మంచాన్ని చూసి బయటే ఆగిపోతాయి.

"ఎవరే?"

"వాగు. నీళ్లడుగుతాంది."

అతను గ్లాసు ముంచి తెస్తాడు. తాగే ముందు వాగు అతని చేతిని వాసన చూస్తుంది. రాజవీరు ఆ చేతిని లుంగీకి తుడుచుకుంటాడు, మళ్లీ తుడుచుకుంటాడు.

"చెప్పిన పని చేసిన అవ్వా. నేను గాకుంటే ఇంకోడు పట్టేటోడు పైపు."

"ఎరుకే కొడకా. గా చేతులకు ఈత నేర్పింది నేనే. వేరేటోని చేతులైతే గింత నొయ్యకపోవు."

నీళ్లు గుటక పడవు. సాయంత్రానికి వాగు సన్నబడి చీర వెడల్పు అవుతుంది. "నా జాగల నన్ను పండవెట్టుండ్రి," అంటుంది. మొగుడూ పెళ్లామూ మంచం చెరోవైపు పట్టుకుని నడుస్తారు.

అక్కడ జాగా లేదు. రెండు గట్లూ దగ్గరికి జరిగి, కుట్లు పడ్డ గాయంలా కలిసిపోయాయి. షెడ్లలో అరవై వేల కోళ్లు జాలీకి ఒక్కొక్క కన్ను ఆనించి చూస్తున్నాయి.

రాజవీరు మంచం దించి, అంగీ గుండీలు విప్పి, గట్లు అతుక్కున్న గీత మీద వెల్లకిలా పడుకుంటాడు.

"వాగును నా మీద పొయ్యి."

"నువ్వు సాలవు," అంటుంది సాయవ్వ.

"సాగుత."

సాయవ్వ వాగును రెండు చేతులా ఎత్తి అతని రొమ్ము మీద పోస్తుంది. అతను పళ్లు బిగిస్తాడు. కాళ్లు సాగుతాయి. షెడ్లు దాటి, తంగేడు తుప్పలు దాటి, పక్క ఊరి పొలిమేర దాటిపోతాయి. నీళ్లు అతని మీదుగా సన్నగా కదులుతాయి.

సాయవ్వ అతని తల దగ్గర కూర్చుంటుంది. అతనేదో చెప్పబోతాడు. నోటి నిండా నీళ్లు.

కాళ్లు ఎక్కడిదాకా పోయాయో చూద్దామని ఆమె లేచి నీళ్ల వెంట నడుస్తుంది. మూడు ఊళ్లు నడిచినా మోకాళ్లు రావు. ఎదురొచ్చిన వాళ్లనల్లా ఆపి, తన మనిషి పాదాలు ఇంకా వెచ్చగానే ఉన్నాయా, ఎవరైనా ముట్టుకుని చూశారా అని అడుగుతుంది.