నెత్తురు ఎవలిది

ఇబ్రహీంపట్నంల రుక్కమ్మ నోటికి ఎదురు లేదు. బిడ్డ నిర్మల సచ్చిపోతే మనుమరాలు సంతోషిని తనే సాదింది. ఎదిగినంక బయటోళ్లకు ఎందుకియ్యాలె, నెత్తురు ఇంట్లనే ఉండనీ అని తన కొడుకు మహిధర్‌కే చేసుకున్నది. అమ్మమ్మ అత్తయింది. పిలుపు మారిన దినమే మనిషీ మారింది.

సంతోషికి పుట్టిన ఇద్దరు మగపిల్లలకూ ఒక్కతీరే. పాలు తాగుడు, విరేచనాలు పెట్టుడు, ఒళ్లంత ఎర్రగ పొక్కుడు. ఏడాది నిండకముందే ఇద్దరూ పోయిన్రు. రెండోడిని మట్టిల పెట్టొచ్చిన చేతులు ఆరకముందే రుక్కమ్మ పక్కన మంచాల ఊరికి పోయి కొడుక్కు ఇంకో పిల్లను చూసొచ్చింది.

"నీ నాయిన భిక్షం నెత్తురే పాడుది," అన్నది, కులపెద్ద నారయ్య ముంగట. "పట్నం డాక్టరమ్మ అందరి నెత్తురు పరీక్షకు తీసుకపోయింది గద. తేలనీ. మీ దిక్కుదైతే బట్టలు సదురుకో."

"నీదైతే అత్తా?"

"నాదైతే ఇల్లు నీదే. నేను మూలకు కూసుంట."

అత్త, కోడలు, మహిధర్ ముగ్గురూ పట్నం పోయిన్రు. డాక్టరమ్మ నిమ్మళంగ చెప్పింది. "ఒంట్ల కావలి కణాలుంటయ్, రోగాన్ని తరుముతయ్. వాటిని ఇగ చాలు అని ఆపే కణాలు వేరే. ఆపే కణంల ఏ జన్యువు పని చేయాలె, ఏది ఊకుండాలె అని నడిపించే ప్రొటీన్ ఒకటుంటది. మీ పిల్లలకు అది చెడి పుట్టింది. ఆపేటోడు లేక కావలోళ్లు ఇంటోళ్లనే కొట్టిన్రు. పేగులను, తోలును."

"ఎవల నుంచొచ్చింది?" సంతోషి అడిగింది.

"తల్లి నుంచి. నీకు నిర్మల నుంచి, నిర్మలకు ఈమె నుంచి. ఆడోళ్లకు ఆ జన్యువు రెండుంటయ్, ఒకటి చెడితే ఇంకోటి కాస్తది. మగపిల్లగానికి ఒక్కటే. మహిధర్‌కు ఈమె రెండిట్ల మంచిదొచ్చింది, బతికిండు."

తిరిగొచ్చేటప్పుడు బస్సుల రుక్కమ్మ కిటికీ సీటు సంతోషికి ఇచ్చింది. అత్త బెదిరిందనే అనుకున్నది సంతోషి, పాపం.

ఇంటికాడ నారయ్య కూసోనే ఉన్నడు. సంతోషి ఒక్క మాట పొల్లు పోకుండ చెప్పింది. రుక్కమ్మ అంతా విన్నది. విని, కొడుకు రెక్క పట్టి ముంగటికి గుంజింది.

"నా నెత్తుర్ల విషముంటే గీడు ఎట్ల బతికిండు నారయ్యా? గుండ్రాయి లెక్క నిలవడ్డడు, కండ్లు లేవా నీకు?"

"అవ్, గది నిజమే," అన్నడు నారయ్య.

సంతోషి మొగని దిక్కు తిరిగింది. "నువ్వు విన్నవ్ గద మామా. చెప్పు."

మహిధర్ ఫోన్ల నుంచి తల ఎత్తలే. "డాక్టర్లు మస్తు చెప్తరు," అన్నడు.

బట్టల సంచి రుక్కమ్మనే సదిరింది, బస్టాండు దాక తనే మోసింది. అక్కడ ఎవల పసిపిల్లనో గుక్కపట్టి ఏడ్చింది. పిల్లగాడు పోయిండు గాని సంతోషికి పాలు ఇంక ఆగలే, జాకెట్ తడిసిపోయింది.

రుక్కమ్మ అటూ ఇటూ చూసింది. "పైట కప్పుకో," అన్నది. "మంచాలోళ్లు వచ్చే యాళ్లయింది."