దాటేసిన వాక్యం

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం కాబట్టి మా ఇద్దరికీ ఆ మంచిపేర్లు దక్కలేదు. అయినా నా కోడల్ని నేను మెచ్చుకుంటాను, ఆమె వినకుండా. వింటే నెత్తికెక్కుతుంది.

ఆమె పని చదవడం. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు పైకి చదివి రికార్డు చేస్తుంది. వీధి చప్పుళ్లు రాకుండా లోపలి గది గోడలకు దుప్పట్లు కట్టాం. ఆమె మైకు ముందు చదువుతుంటే పక్కన ఇంకొకరు అదే పుస్తకం చూస్తూ కూర్చోవాలి. మాట తప్పినా, వరుస దాటినా బల్ల మీద వేలితో తట్టాలి. అప్పుడామె ఆ వాక్యం మొదటికి వెళ్లి మళ్లీ చదువుతుంది. ఆ తట్టే పని నా కొడుకుది.

నా కొడుకు పోయాడు. చిన్న జ్వరమని ఆసుపత్రిలో చేరినవాడు తిరిగి రాలేదు. వాడక్కడ ఉన్నన్నాళ్లూ నేను మోకాళ్ల మీదే ఉన్నాను. దేవుడు అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. పలకరించినా పలకని చుట్టంతో మనకేం పని? నేనూ మాట్లాడటం మానేశాను. ఓదార్చడానికి వచ్చినవాళ్లు "అంతా ఆయన చిత్తం" అంటుంటే పుండు మీద కారం చల్లినట్టుండేది. కొడుకు లేడన్న దుఃఖం ఒకటి. చిన్నప్పటినుంచి ఎవరికి అన్నీ చెప్పుకున్నానో ఆయన కూడా నన్ను వదిలేశాడన్న దుఃఖం ఇంకొకటి. ఆ రెండోది ఎవరితోనూ చెప్పలేదు.

ఒక ఉదయం కోడలు నా కళ్లద్దాలు తెచ్చి చేతిలో పెట్టింది.

"అత్తయ్యా, బైబిల్లోని కీర్తనల రికార్డింగు సగంలో ఆగిపోయింది. వినేవాళ్లు అడుగుతున్నారు. మీరొచ్చి పక్కన కూర్చోండి."

"ఆ పుస్తకం నేను ముట్టుకోను."

"మిమ్మల్ని నమ్మమనట్లేదుగా. తప్పులు పట్టమంటున్నా. అది మీకు వెన్నతో పెట్టిన విద్యే కదా!"

నవ్వొచ్చింది. నవ్వినందుకు కోపమూ వచ్చింది. మొహం మాడ్చుకునే వెళ్లి కూర్చున్నాను.

ఆమె చదవడం అంత దగ్గరగా వినడం అదే మొదటిసారి. ఒక్క మాట నలగదు, ఒక్క మాట మింగదు. ఇలాంటి గొంతు పక్కన కూర్చోవడానికి నా కొడుకు ఎందుకంత ఆత్రంగా పరుగెత్తేవాడో అప్పుడు తెలిసింది.

తర్వాత, కష్టంలో ఉన్న మనిషి మొరపెట్టుకునే కీర్తన వచ్చింది. నన్నెందుకు విడిచిపెట్టావని దేవుణ్ణి నిలదీయడంతోనే అది మొదలవుతుంది. కోడలు ఆ వాక్యాన్ని దాటేసి, కింద స్తుతి దగ్గర అందుకుంది. తట్టాను. మొదటికి వెళ్లి మళ్లీ అక్కడే దాటింది. మళ్లీ తట్టాను.

"అది నా నోట రావట్లేదు అత్తయ్యా. దేవుణ్ణి అంత మాటంటే, ఉన్న ఒక్క దిక్కూ పోతుందేమోనని భయంగా ఉంది."

ఆ రెండో దుఃఖం నా ఒక్కదానిదే అనుకున్నాను. ఈ పిల్ల కూడా దాన్ని మోస్తూ రోజూ వండి, వడ్డించి, నన్ను నవ్విస్తోందన్నమాట. ఆమె భయం మీద నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఎందుకు పోతుందే? అచ్చులో ఉంది చూడు! అది నా పుస్తకమైతే, నన్ను నిలదీసిన పేజీ ఎప్పుడో చింపి పొయ్యిలో పెట్టేదాన్ని. ఆయన చింపలేదు. ఇన్ని తరాలుగా అలాగే ఉంచుకున్నాడు..."

ఆగిపోయాను. నా నోటి నుంచి వచ్చిన మాట నేనే విన్నాను.

కోడలు నన్నే చూసింది. మంచినీళ్లు తాగి, మైకు దగ్గరికి జరిగి చదివింది. బతిమాలుతున్నట్టు కాదు, గట్టిగా, అడిగే హక్కు ఉన్నదానిలా అడిగింది. చివర్లో గొంతు పగిలింది, అయినా ఆగలేదు. కీర్తన పూర్తిచేసింది. అంత ధైర్యం నేను ఏ పెద్ద మనిషిలోనూ చూడలేదు.

"గొంతు పగిలిన చోట మళ్లీ చదువుతావా?" అన్నాను.

"వద్దత్తయ్యా. వినేవాళ్లలో మనలాంటివాళ్లూ ఉంటారు. వాళ్లకి ఇలాగే వినపడాలి."

ఆమె వంటింట్లోకి వెళ్లాక నేను అక్కడే ఉండిపోయాను. "నా కొడుకుని ఎందుకు తీసుకుపోయావు?" అని పైకే అడిగాను. జవాబు రాలేదు. కానీ ఖాళీ గదిలో మాట్లాడుతున్నట్టు మాత్రం అనిపించలేదు. అడగాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. కుర్చీ ముందుకు లాక్కొని ఒక్కొక్కటే మొదలుపెట్టాను.