మెలాంత వెంట నడిచిన పాదాలు

మిల్లు నుంచి రాగానే నెవెనా చేసే పని ఒకటే. మేజోళ్లు విప్పి, మంచం మీద వాలి, మెలాంత పుస్తకం తెరవడం. గ్రీకు దేవతల మీద అలిగి, కత్తి పట్టుకుని దేశాలు తిరిగే ఆ మెలాంత మొదట టీవీలో వచ్చేది. సీరియల్ సగంలో ఆగిపోయింది. పుస్తకాలు మాత్రం ఆగలేదు. బస్టాండు దగ్గరి దుకాణంలోకి కొత్తది వస్తూనే ఉండేది.

ఆ పుస్తకాల్లో మెలాంత ఎంత దూరం నడిస్తే, చదివేవాళ్ల కాళ్లూ అంత అరిగేవి. మొదట్లో చాలామంది బూట్లు పాడుచేసుకున్నారు. వాళ్ల ఊరు గబ్రోవో అసలే ఖర్చంటే ప్రాణం మీదికొచ్చే ఊరు. దాంతో అందరూ వట్టికాళ్లతో చదవడం మొదలుపెట్టారు.

"తోలు మళ్లీ మొలవదు, చర్మమైతే మొలుస్తుంది," అనేది తల్లి పెన్కా. "ఆ దుమ్ము కడుక్కుని భోజనానికి రా. ఎక్కడిదాకా వెళ్లింది మీ మహాతల్లి?"

"కొండ ఎక్కుతోందమ్మా. మంచు పడుతోంది."

"అయితే ఆగు, తివాచీ తీసేస్తాను."

ప్లామెన్‌తో పెళ్లి కుదిరినప్పటి నుంచీ నెవెనా కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. ప్లామెన్ చెడ్డవాడు కాదు, అదే వచ్చిన తంటా. తాగడు, అరవడు. పెళ్లయ్యాక ఉండడానికి తన తల్లి గది పక్కనే వాళ్లకో గది సిద్ధం చేయిస్తున్నాడు. "ఈ నడకలు మానేయాలి మరి," అన్నాడొకరోజు నవ్వుతూనే. "అమ్మ కొత్త గచ్చు వేయించింది."

 ఈ పెళ్లే వద్దని చెప్పబోయి నెవెనా సరే అంది. బాజా వాళ్లకు బయానా ఇచ్చేశారు, విందుకు గొర్రెపిల్లను మాట్లాడేశారు, పెన్కా ముఖం వెలిగిపోతోంది. ఇంకెలా చెబుతుంది? చెప్పలేక చదివింది. వంట చేస్తూ చదివింది, మిల్లులో మగ్గం పక్కన కాళ్లు దాచుకుని చదివింది. మడమలు బండబారాయి, వేళ్లు విచ్చుకుని పాదాలు వెడల్పయ్యాయి.

పెళ్లినాడు పెళ్లికొడుకు తమ్ముడు బూటు తెచ్చి పెళ్లికూతురికి తొడగాలి. తొడిగితేనే ఆమె గడప దాటాలి. మామూలుగా కావాలనే పెద్ద బూటు తెస్తారు. వదులుగా ఉందని ఆమె గునుస్తుంది, బిగిసేదాకా మగపెళ్లివాళ్లు అందులో డబ్బు నోట్లు కుక్కుతారు. ప్లామెన్ తల్లి అంత వెర్రిది కాదు. చలికాలంలోనే కొలత తీయించి, ఒక్క నోటూ దూరని బూటు కొనిపించింది.

తమ్ముడు గాంచో మోకాళ్ల మీద కూర్చున్నాడు. బాజా మోగుతోంది. బూటు వేళ్ల దగ్గరే ఆగిపోయింది.

"వదినా, కాస్త ముడుచుకో."

"ముడుచుకునే ఉన్నాను గాంచో."

సబ్బు రాశారు, నూనె రాశారు. మేనత్త చెంచా దూర్చింది. "ఎన్నో పుస్తకంలో ఉన్నావే పిల్లా?" అని గుమ్మంలోంచి ఎవరో అడిగారు.

"మడమ దగ్గర కోసేయండి," అంది ప్లామెన్ తల్లి. బూటునే అనుకోవాలి. అంతలోనే నాలుక కరుచుకుంది. "వద్దొద్దు, కోస్తే కొట్టువాడు వెనక్కి తీసుకోడు."

ప్లామెన్ లోపలికొచ్చి వంగి చూశాడు. పగుళ్లూ, ముళ్లు గీసిన గాట్లూ కనిపించాయి.

"ఇంకా ఎంత దూరం నడవాలి నెవెనా?" అన్నాడు మెల్లగా.

అంత మెత్తగా అడుగుతాడని ఆమె అనుకోలేదు. ఇన్నాళ్లూ చెప్పలేకపోయిన మాట దానంతటదే బయటికొచ్చింది.

"నాకీ పెళ్లి వద్దు ప్లామెన్. నేను వెళ్లిపోవాలి."

బాజా ఆగింది. ప్లామెన్ తమ్ముడి చేతిలోంచి బూటు తీసుకుని మెట్లు దిగిపోయాడు. అతన్ని చూస్తే నెవెనాకు ఏడుపొచ్చింది, కానీ వెనక్కి పిలవలేదు.

"ఎక్కడికే పోతావు?" అంది పెన్కా.

"తెలీదమ్మా."

"తెలీని చోటికి ఎవరైనా పోతారా?"

"తెలిసిన చోట్లన్నీ ఈ వీధిలోనే ఉన్నాయి."

పెన్కా గొల్లున ఏడ్చింది. ఏడుస్తూనే వంటింట్లోకి వెళ్లి, కాల్చిన గొర్రె తొడలోంచి మంచి ముక్క కోసి, కాగితంలో చుట్టి కూతురి చేతిలో పెట్టింది. వియ్యపురాలి కోసమని పొద్దుటి నుంచీ ఎవరినీ ముట్టుకోనివ్వని ముక్క అది.